మొరాయించని కీలు

1966లో ఉత్తర అమెరికా కాన్-యామ్ కారు పందేలకు జిమ్ హాల్ తయారుచేసిన షాపరాల్ 2ఈ కారుకు, వెనుక చక్రాలను మోసే భాగాల మీదే నిలిపిన రెండు స్తంభాలపై, డ్రైవరు తలకన్నా ఎత్తున ఒక రెక్క ఉండేది. ఎడమ కాలితో పెడల్ నొక్కితే అది చదునై గాలికి దారి ఇచ్చేది. మలుపు ముందు కాలు తీస్తే ముందు అంచు కిందికి వాలి, చక్రాలను రోడ్డుకు అదిమేది. ఆ ఏడాది లగూనా సెకాలో ఫిల్ హిల్ ఈ కారుతోనే గెలిచాడు. రెక్క సంగతి అలా ఉంచితే, కాలు తీసినప్పుడు అది ఏ స్థితికి రావాలో హాల్ ముందే నిర్ణయించుకోవడంలోనే అసలు తెలివి ఉంది. డ్రైవరు ఏమీ చేయకపోతే కారుకు పట్టు దొరుకుతుంది. కదిలే రెక్కను రూపొందించే ఎవరికైనా మొదటి ప్రశ్న ఇదే: దాన్ని క్షేమమైన స్థితికి తిరిగి తెచ్చే బలం ఎంత? ఆ బలాన్ని కీళ్లలోని ఘర్షణ ఎంత తినేస్తుంది?

గాలి ఒత్తిడి వేగపు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చదరపు మీటరుకు దాదాపు 470 న్యూటన్లు ఉండే గతిక పీడనం, 300 దగ్గర 4,250 దాటుతుంది. ఒక ఫ్లాప్ (రెక్కలో కదిలే పలక) మీద 1,000 న్యూటన్ల బలం, అంటే సుమారు వంద కిలోల బరువు, పడుతోందనుకుందాం. కీలు పిన్ను వ్యాసం 10 మిల్లీమీటర్లు, ఘర్షణ గుణకం 0.15 అయితే పిన్ను దగ్గర ఘర్షణ టార్క్ 0.75 న్యూటన్ మీటర్లు. గాలి బలం పనిచేసే బిందువు పిన్నుకు 30 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే గాలి కలిగించే టార్క్ 30 న్యూటన్ మీటర్లు. ఘర్షణ అందులో నలభైయో వంతే! ఈ లెక్క చూసి చాలామంది నిశ్చింతగా ఉంటారు. కానీ ఈ లెక్కలో రెండు సంగతులు రాలేదు.

మొదటిది వంపు. మీటరు వెడల్పున్న రెక్కకు మూడు కీళ్లు పెట్టారనుకోండి. బల్ల మీద అవి ఒకే సరళరేఖలో ఉంటాయి, వేలితో నెట్టినా తిరుగుతాయి. గాలి బరువు పడగానే రెక్క మధ్యలో వంగి, మధ్య పిన్ను వరస తప్పుతుంది. అప్పుడు పిన్నులూ వాటి చుట్టూ ఉండే బుష్‌లూ ఒకదాన్నొకటి పక్కకు నొక్కుకుంటాయి. ఈ బిగుతు మన లెక్కలో ఎక్కడా లేదు, ఎంత గ్రీజు పెట్టినా పోదు. దీనికి మందు అమరికలోనే ఉంది. రెండు కీళ్లతో సరిపెట్టి, రెంటికీ గోళాకార బేరింగులు వేయాలి. ఒకదాన్ని కదలకుండా బిగించి, రెండోదాన్ని ఇరుసు వెంబడి కాస్త జరిగేలా వదలాలి. ఇక రెక్క వంగినా కీలు పట్టేయదు.

నిట్టనిలువుగా లేచే స్పాయిలర్లకు ఈ తిప్పలు మరీ ఎక్కువ. బీరువా సొరుగును ఒక మూల పట్టుకుని లాగితే ఇరుక్కున్నట్టే, ఒక పక్కనే మోటారు తోసే స్పాయిలర్ తన పట్టాల్లో అడ్డం తిరుగుతుంది. బలం పెంచిన కొద్దీ మరింత బిగుస్తుంది. అందుకే నాకైతే పట్టాల కన్నా పిన్నుల మీద తిరిగే లింకులే మేలనిపిస్తుంది. పిన్నును దుమ్ము నుంచి కాపాడటం కూడా తేలిక.

రెండోది, గాలి బలం ఎప్పుడూ ఒకేలా ఉండకపోవడం. ఫార్ములా వన్‌లో 2011 నుంచి 2025 వరకు వాడిన డీఆర్‌ఎస్‌లో (గాలి నిరోధం తగ్గించడానికి వెనుక రెక్క ఫ్లాప్‌ను తెరిచే ఏర్పాటు) ఫ్లాప్ ఇరుసు వెనుక అంచుకు చేరువగా ఉండేది. ఫ్లాప్‌ను కిందికి నొక్కే గాలే దాన్ని మూసేది. హైడ్రాలిక్ సిలిండర్ తెరిచి పట్టుకునేది. వ్యవస్థ చెడితే ఫ్లాప్ దానంతటదే మూసుకోవాలని నిబంధన. అయితే ఫ్లాప్ తెరుచుకున్నాక గాలికి దాదాపు సమాంతరంగా నిలుస్తుంది కాబట్టి, మూసే టార్క్ బాగా తగ్గిపోతుంది. పిన్ను దగ్గర ఘర్షణ కూడా బరువుతో పాటు తగ్గుతుంది, నిజమే. సిలిండర్‌లోని రబ్బరు సీళ్ల ఘర్షణ మాత్రం అంతగా తగ్గదు. కాబట్టి ఘర్షణను పోల్చాల్సింది ఆ 30 న్యూటన్ మీటర్లతో కాదు, పూర్తిగా తెరిచిన స్థితిలో మిగిలే అతి చిన్న టార్క్‌తో. 2018లో మోన్జా సాధనలో మార్కస్ ఎరిక్‌సన్ నడిపిన సాబర్ కారు ఫ్లాప్ బ్రేకు వేసేటప్పుడు మూసుకోలేదు. వెనుక చక్రాలకు పట్టు చాలక కారు గోడను ఢీకొని పల్టీలు కొట్టింది. అతను క్షేమంగా బయటపడ్డాడు. మూసుకోని ఫ్లాప్ ఏం చేయగలదో చూపడానికి ఈ ఒక్క ఉదంతం చాలు.

ఘర్షణ పరిమాణం కన్నా దాని స్వభావం ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కదలని భాగాన్ని కదిలించడానికి కావలసిన స్థైతిక ఘర్షణ, కదిలాక ఉండే గతిక ఘర్షణ కంటే ఎక్కువైతే, రెక్క ఆగి ఆగి కుదుపులతో కదులుతుంది. నియంత్రణ కంప్యూటర్ రెండు డిగ్రీలు తిప్పమంటే అది కాసేపు మొరాయించి, ఒక్కసారిగా మూడు డిగ్రీలు దూకవచ్చు. 1938లో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనుగొన్న పదార్థం, మనం టెఫ్లాన్ అని పిలిచేది, ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. దానిలో ఈ రెండు ఘర్షణలూ దాదాపు సమానం. కాకపోతే అది మెత్తనిది, బరువు కింద నెమ్మదిగా సాగిపోతుంది. అందుకే బేరింగుల్లో టెఫ్లాన్ పోగుల్ని గట్టి నారతో కలిపి నేసి, ఆ పలుచని గుడ్డను ఉక్కు వలయం లోపల అతికిస్తారు. దానికి గ్రీజు అక్కర్లేదు, కాబట్టి గ్రీజుకు అంటుకునే దుమ్ము బెడదా ఉండదు.

ఘర్షణ తగ్గించాలని కీళ్లను వదులు చేయడం మాత్రం తప్పుదారి. పిన్నుకూ బుష్‌కూ మధ్య ప్లే ఉంటే, వేగం పెరిగినప్పుడు గాలి ఆ ఖాళీలో ఫ్లాప్‌ను టపటపా కొట్టిస్తుంది. ఆ కంపనం పెరిగితే రెక్కే విరగవచ్చు. కంపనాన్ని అణచడానికి కొంత ఘర్షణ ఉంచుకుందామనే ఆలోచన కూడా నిలవదు. అరిగే కొద్దీ ఘర్షణ మారిపోతుంది. ఆ పని నూనె డంపర్‌కు అప్పగించి, కీలును బిగువుగా, నునుపుగా ఉంచడమే పద్ధతి.

2026 ఫార్ములా వన్ కార్లలో ముందు, వెనుక రెక్కలు రెండూ కదులుతాయి. వెనుకది ఠక్కున మూసుకుని ముందుది ఆలస్యమైతే పట్టంతా వెనక్కి పోయి, స్టీరింగు తిప్పినా కారు తిరగదు. ముందుది మూసుకుని వెనుకది ఆలస్యమైతే వెనుక భాగం జారిపోతుంది. కాబట్టి ప్రతి కీలునూ విడిగా బల్ల మీద పరీక్షిస్తే సరిపోదు. రెక్కల మీద గాలి వేసేంత బరువు పెట్టి, వేడిలోనూ చలిలోనూ, దుమ్ము చల్లి, అరిగిన బేరింగులతో కూడా రెంటినీ కలిపి తిప్పి చూడాలి.