సముద్రం విశ్రమించే 61 రోజులు

శ్రమకాలమంతా మాంసాహారం మానుకునే కుటుంబాలు మన సంఘాల్లో చాలా ఉన్నాయి. ఈస్టర్ ఆరాధన ముగిశాక ఆ ఇళ్లలో మళ్లీ చేపల పులుసు ఉడుకుతుంది. ఆ వెంటనే పెళ్లిళ్లు, వేసవి సెలవులు, ఇంటికొచ్చే మనవలు. విజయవాడలో మనం సంచి పట్టుకుని చేపల మార్కెట్‌కు బయలుదేరే ఆ రోజుల్లోనే సముద్రానికి విశ్రాంతి మొదలవుతుంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, తూర్పు తీరంలో వేట నిషేధం. 2015కు ముందు ఇది 47 రోజులే. మన రాష్ట్రంలో ఇది మరబోట్లకు, ఇంజను బిగించిన పడవలకు వర్తిస్తుంది. తెడ్డుతో, తెరచాపతో నడిచే సంప్రదాయ నావలకు మినహాయింపు ఉంది. నియమం మీరితే 1994 నాటి రాష్ట్ర చట్టం కింద చర్యలుంటాయి. ఈ రెండు నెలలూ మచిలీపట్నం గిలకలదిండి హార్బరులో బోట్లు ఒడ్డుకు చేరి, వలల మరమ్మతులు సాగుతాయి.

ఎందుకీ ఏర్పాటు? ఎన్నో రకాల చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలమిది. ట్రాల్ వల సముద్రపు అడుగును ఈడ్చుకుంటూ పోతుంది. ఏది తల్లో, ఏది పిల్లో అది చూడదు. జన ఉన్న చేప అంటే మనకు మక్కువే గాని, ఆ జనలో జాతిని బట్టి వేల నుంచి లక్షల గుడ్లుంటాయి. సముద్రంలో పుట్టిన రొయ్య పిల్లలు నాగాయలంక, హంసలదీవి వైపు మడ అడవుల నీళ్లలోకి వచ్చి పెరిగి, తిరిగి సముద్రానికి వెళ్తాయి. పుట్టకముందే తల్లిని పట్టేస్తే ఆ పిల్లలు ఎక్కడినుంచి వస్తాయి?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో చిన్న ఆజ్ఞ ఒకటుంది. గూటిలో గుడ్ల మీదో పిల్లల మీదో కూర్చున్న తల్లి పక్షిని పట్టుకోకూడదు, పిల్లలను తీసుకున్నా తల్లిని విడిచిపెట్టాలి. తలిదండ్రులను సన్మానించేవారికి చేసిన క్షేమము, దీర్ఘాయుష్షు అనే వాగ్దానమే దేవుడు దీనికీ జతచేశాడు. ఈ ఆజ్ఞ తినవద్దని చెప్పలేదు, రేపటి మూలాన్ని ఉంచమంది. పునరుత్థానుడైన ప్రభువే తిబెరియ ఒడ్డున నిప్పులమీద చేపలు సిద్ధం చేసి శిష్యులను భోజనానికి పిలిచాడు. కాబట్టి చేప తిని సంతోషించడంలో తప్పు లేదు. మనం గృహనిర్వాహకులమే గాని యజమానులం కామని మరవడమే తప్పు.

ఈ విశ్రాంతి ఖరీదు ఎవరు కడుతున్నారో కూడా చూడాలి. వేట ఆగిన మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో పది వేల నుంచి 20,000 రూపాయలకు పెంచారు. 61 రోజులకు పంచితే ఇల్లంతటికీ రోజుకు సుమారు 330 రూపాయలు. పైగా నిషేధం ముగిసే జూన్‌లోనే బడులు తెరుస్తారు, ఫీజులు, పుస్తకాలు ఎదురుచూస్తుంటాయి. ఇంత కష్టంలోనూ ఒక సోదరుడు బోటును ఒడ్డునే ఉంచాడు. మరొకడు రాత్రివేళ దొంగచాటుగా వేటకు వెళ్లాడు. ఆ రెండోవాడి చేపను ఎక్కువ ధర పెట్టి కొంటే, నియమం పాటించినవాణ్ణి మనమే ఓడించినవాళ్లమవుతాం.

మరి ఈ రెండు నెలలు ఏం తినాలి? డెల్టాలో చేపలకు కొదవలేదు. కైకలూరు, కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో శీలావతి, బొచ్చె పెరుగుతున్నాయి. చెరువు రొయ్యలున్నాయి, కొరమేను ఉంది, నిషేధానికి ముందే ఎండబెట్టిన నెత్తళ్లున్నాయి. పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 వరకు గనుక మే నెలాఖరు దాకా అక్కడి సముద్రపు చేప కూడా న్యాయమైనదే. అందుకే బేరమాడే ముందు ఒక్క మాట అడుగుదాం: “అమ్మా, ఈ చేప ఎక్కడిది, ఎప్పుడు పట్టింది?” అందరూ అడిగితే అమ్మేవారు కూడా జాగ్రత్తపడతారు. జూన్ 14 తర్వాత కూడా ఎదగని చందువ, వంజరం పిల్లలను కొనకుండా ఉందాం.

తీరప్రాంత సంఘాల కాపరులకు, పెద్దలకు మా మనవి ఒకటి. ఈ రెండు నెలలు మత్స్యకార విశ్వాసుల ఇళ్లను తప్పక దర్శించండి. వారి కానుక తగ్గిందని లెక్క చూడకండి, వారి బియ్యం డబ్బా వైపు చూడండి. పట్టణ సంఘాలు ఒక ఆదివారపు కానుకను ఆ పిల్లల పుస్తకాలకు కేటాయించినా మేలే.

జూన్ 15న బోట్లు మళ్లీ సముద్రంలోకి వెళ్తాయి. వెళ్లినవారు క్షేమంగా తిరిగి రావాలని ఆ ఆదివారం మన ప్రార్థనల్లో వారిని జ్ఞాపకం చేసుకుందాం. ఆ తర్వాత వారు తెచ్చిన చేపను కృతజ్ఞతతో వండుకుని తిందాం.