ఇంటిపన్ను లెక్క - తగ్గింపుల వివరము

గ్రామపంచాయతీ స్వంత ఆదాయములలో ఇంటిపన్ను ముఖ్యమైనది. వీధిదీపములు వెలుగుటకు, మురుగుకాలువలు శుభ్రపడుటకు ఈ సొమ్ము ఎంతయో ఆధారము. ఐనను తాకీదు చేతికందగానే, "ఈ మొత్తము ఎట్లు వచ్చినది?" అని గృహస్థుడు వార్డు సభ్యుని ప్రశ్నించుట సహజము. సభ్యుడు సమాధానము చెప్పలేనిచో పన్నుపై అనుమానము, పంచాయతీపై అపనమ్మకము పెరుగును. కావున ఈ లెక్కను సభ్యులందరును స్వయముగా చేయగలిగి యుండుట మంచిది.

లెక్కకు ఆధారము

ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము, తెలంగాణలో 2018 నాటి చట్టము ఇంటిపన్ను విధించు బాధ్యతను గ్రామపంచాయతీకి అప్పగించినవి. ప్రభుత్వము నిర్ణయించిన కనిష్ఠ, గరిష్ఠ రేట్లకు లోబడి పంచాయతీ తీర్మానము ద్వారా తన రేటును ఏర్పరచుకొనును. పన్ను వార్షికపు అద్దె విలువపై గాని, మూలధన విలువపై గాని కట్టవచ్చును. మూలధన విలువ పద్ధతిని ఇచ్చట వివరింతము.

మొదట స్థలము విలువ కట్టవలెను. పిదప కట్టడము విలువ కట్టి, దానినుండి తరుగుదల తీసివేయవలెను. ఈ రెంటి మొత్తమునకు పంచాయతీ రేటును వర్తింపజేయవలెను. వచ్చిన పన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను చేరును. ఇది పంచాయతీ సొమ్ము కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థకు చెందవలసినది. నీటి రుసుము, దీపముల పన్ను మొదలగునవి విధించిన చోట వానిని విడిగా చూపవలెను.

ఒక ఉదాహరణ

ఒక గృహస్థునకు 100 గజముల స్థలము, అందు 600 చదరపు అడుగుల పెంకుటిల్లు కలవనుకొందము. ఇందలి ధరలు, రేటు కేవలము లెక్క కొరకు ఊహించినవి.

స్థలము, గజము 1,500 రూపాయల వంతున: రూ. 1,50,000
ఇల్లు, అడుగు 700 రూపాయల వంతున: రూ. 4,20,000
ఇంటి విలువపై తరుగుదల నూటికి 10 వంతున: రూ. 42,000
తరుగుదల పోగా మొత్తము మూలధన విలువ: రూ. 5,28,000
పన్ను, నూటికి 25 పైసల వంతున: రూ. 1,320.00
గ్రంథాలయ పన్ను: రూ. 105.60
చెల్లించవలసినది: రూ. 1,425.60

తరుగుదల తీయుట మరచినచో ఇదే ఇంటికి రూ. 1,539 పడును. కొలతలో 600 అడుగులకు బదులు 800 అని వ్రాసినచో రూ. 1,765.80 అగును, అనగా ఏటేట రూ. 340.20 అదనము. రేటు అందరికి ఒక్కటే. అన్యాయము జరుగునది తరచుగా కొలతలోనే. అందువలన మదింపు రిజిస్టరులోని కొలతను ఇంటి యజమాని ఎదుట టేపుతో సరిచూచుట మేలు. అభ్యంతరమున్నచో యజమాని గడువులోపల వ్రాతమూలముగా అర్జీ పెట్టుకొనునట్లు సభ్యుడు తోడ్పడవలెను.

తగ్గింపులు, మినహాయింపులు

దేవాలయము, మసీదు, చర్చి వంటి ప్రజల ఆరాధన స్థలములకును, అద్దె పుచ్చుకొనని సత్రములకును మినహాయింపు కలదు. గ్రామపంచాయతీల పరిధిలోని సైనికుల ఇండ్లకు మినహాయింపును విస్తరింపజేయుచున్నట్లు 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రకటించినది. ఇట్టి కుటుంబములు తగిన పత్రములతో పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు చేసికొనవలెను.

హైదరాబాదు వంటి నగరములలో ఆ సంవత్సరపు పన్నును ఏప్రిల్ నెలలోనే చెల్లించువారికి నూటికి 5 వంతుల తగ్గింపు ఇచ్చుచు వచ్చిరి. దీనిని చూచి గ్రామములలో సభ్యులు తమంతట తాము తగ్గింపులు వాగ్దానము చేయరాదు. నియమములలో గాని, ప్రభుత్వోత్తర్వులో గాని ఉన్న తగ్గింపును మాత్రమే ఇవ్వవలెను. బంధువనియో, మన పక్షమువాడనియో ఒకరికి నోటిమాటగా తగ్గించినచో ఆ భారము తక్కిన గ్రామస్థులపై పడును. అర్హుడైన పేదవానికి మినహాయింపు సంగతి తెలుపకుండుటయు అంతే తప్పు.

పంచాయతీ రేటును, తరుగుదల నూటికెంతయో, మినహాయింపుల జాబితాను కార్యాలయపు గోడపై వ్రాయించవలెను. చెల్లించిన ప్రతి పైసకు రసీదు ఇప్పించవలెను. లెక్క కంటికి కనబడినప్పుడు పన్ను చెల్లించుటకు ప్రజలు వెనుదీయరు. రానున్న సమావేశములో ప్రతి సభ్యుడు తన వార్డునుండి ఒక ఇంటి లెక్కను ఇట్లు స్వయముగా వేసి చూడవలెనని మా మనవి.