నాన్న లేని ఫొటోలో నాన్న

పెళ్లయి నెలైంది. స్టూడియో నుంచి ఆల్బమ్ వచ్చింది. హాల్లో అందరూ చేరి పేజీలు తిప్పుతున్నారు. చివరి పేజీలో పెళ్లికూతురి అన్న దాచిపెట్టిన సర్‌ప్రైజ్ ఉంది. రెండేళ్ల కిందట పోయిన నాన్న పట్టుపంచె కట్టుకుని, అమ్మ పక్కన నిలబడి నవ్వుతున్నారు. 'అబ్బ, ఎంత బాగా వచ్చిందో!' అన్నారు పిల్లలు. అమ్మ ఒక్క మాటా అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇలాంటి ఫొటో చేయించాలన్న ఆలోచన మీకూ వచ్చే ఉంటుంది. ఇప్పుడు దానికి పెద్ద ఖర్చూ లేదు, శ్రమా లేదు. స్టూడియోలో చెబితే చేసిస్తారు, ఫోన్‌లో ఏఐ యాప్ ఉంటే నిమిషాల్లో అయిపోతుంది. ఆ ఫొటో చూసే మనిషి మనసుకు ఏమవుతుందన్నదే ఎవరూ ఆలోచించని సంగతి.

కోరిక మాత్రం కొత్తది కాదు. 1860ల్లో అమెరికాలోని బోస్టన్‌లో విలియం మమ్లర్ అనే ఫొటోగ్రాఫర్, తన కెమెరాకు చనిపోయినవారి ఆత్మలు కనిపిస్తాయని చెప్పి ఫొటోలు తీసేవాడు. భర్త హత్యకు గురైన కొన్నేళ్లకు, అబ్రహాం లింకన్ భార్య మేరీ కూడా అతని దగ్గర ఫొటో తీయించుకుంది. అందులో ఆమె వెనుక లింకన్ మసక రూపం, భుజాల మీద చేతులు కనిపిస్తాయి. మోసం చేస్తున్నాడని 1869లో అతన్ని న్యూయార్క్ కోర్టుకు ఈడ్చారు. రుజువు చేయలేక వదిలేశారు. మమ్లర్ తన ఫొటోలు నిజమని నమ్మించాడు. మీరు చేయించేది ఎడిట్ చేసిన ఫొటో అని మీకు తెలుసు. ఆ తేడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

పోయినవారిని పక్కన నిలబెట్టుకోవాలనుకోవడం మానసిక బలహీనతేమీ కాదు. ఫ్రాయిడ్ 1917లో ప్రచురించిన వ్యాసం తర్వాత చాలాకాలం, దుఃఖం తీరాలంటే పోయినవారి నుంచి మనసును విడదీసుకోవాలనే పాశ్చాత్య వైద్యులు చెబుతూ వచ్చారు. 1990ల్లో ఆ ఆలోచన మారింది. మనిషి పోయినా బంధం రూపం మార్చుకుని కొనసాగుతుందని, అది చాలామందికి మేలే చేస్తుందని నిపుణులు గుర్తించారు. మనకు ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. సంక్రాంతికి పెద్దల పేరున కొత్త బట్టలు పెడతాం. పెళ్లి శుభలేఖను ముందు వాళ్ల ఫొటో దగ్గర ఉంచుతాం.

మరి అమ్మ ఎందుకు లేచి వెళ్లిపోయింది? ఫొటో బాగాలేక కాదు. ఆమెను ఎవరూ అడగలేదు. పెళ్లి పనుల మధ్య, ఆయన లేని లోటును ఎలాగో ఒక పక్కన పెట్టి నిలబడింది. దుఃఖంలో ఉన్న మనిషి మనసు ఎప్పుడూ ఒకేచోట ఉండదు. కాసేపు పోయినవారిని తలుచుకుంటుంది, కాసేపు ఆ తలపును పక్కన పెట్టి రోజువారీ పనుల్లో పడుతుంది. ఈ రాకపోకలే మనిషిని నిలబెడతాయని దుఃఖం మీద పరిశోధించిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో వివరించారు. ముందు చెప్పకుండా చేతికిచ్చిన ఫొటో, ఆ రాకపోకల్ని ఆమె చేతిలోంచి లాక్కుంటుంది. నన్నడిగితే, ఈ ఒక్క కానుక విషయంలో సర్‌ప్రైజ్ వద్దు.

అదే కారణంతో, తొలి రోజుల్లో దాన్ని పెద్ద ఫ్రేమ్ కట్టించి హాల్లో వేలాడదీయకండి. ఆల్బమ్‌లోనో బీరువాలోనో ఉంటే, చూడాలనిపించినప్పుడు తీసుకుంటారు, వద్దనుకుంటే మూసేస్తారు. గోడ మీది ఫొటోకు ఆ వీలుండదు.

ఇంకో పొరపాటు ఉంది. నాన్నకు చోటు చేయడానికి, కన్యాదానం చేసిన బాబాయినీ పిన్నినీ ఫొటోలోంచి తీసేయిస్తుంటారు. ఆ రోజు పీటల మీద కూర్చున్నది వాళ్లే కదా! అసలు ఫొటోను అలాగే ఉంచి, ఎడిట్ చేసినదాన్ని వేరే కాపీగా దాచుకోండి. వెనుక 'ఎడిట్ చేయించినది' అని రాసి తేదీ వేయండి. ఇది చాదస్తం కాదు. 2002లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, 20 మంది పెద్దలకు వాళ్ల చిన్ననాటి ఫొటోనే బెలూన్‌లో ఎగురుతున్నట్టు మార్చి చూపించారు. ఎవరూ నిజానికి బెలూన్ ఎక్కలేదు. మూడుసార్లు అడిగేసరికి వారిలో సగం మంది, జరగని ఆ ప్రయాణాన్ని ఎంతోకొంత గుర్తుచేసుకున్నారు. మరి ఇరవై ఏళ్ల తర్వాత ఆల్బమ్ తిప్పే మనవరాలి సంగతేంటి?

చిన్నపిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త. ఐదేళ్లలోపు పిల్లలకు చావంటే తిరిగిరాకపోవడమని సాధారణంగా పూర్తిగా అర్థం కాదు. తాతయ్యను కొత్త ఫొటోలో చూసి 'మళ్లీ ఎప్పుడొస్తారు?' అని అడుగుతారు. 'ఊరెళ్లారు', 'నిద్రపోతున్నారు' అనకండి. 'తాతయ్య చనిపోయారు, ఇక రారు. ఆయన గుర్తుగా ఈ ఫొటో మనమే చేయించుకున్నాం' అని సూటిగా చెప్పండి. మతిమరుపు జబ్బుతో ఉన్న పెద్దవాళ్లకైతే అసలు చూపించకపోవడమే మంచిది. 'ఆయనేరీ?' అని వెతుక్కుంటే మీరు మళ్లీ నిజం చెప్పాలి. వాళ్లకది ఆ పూటే విన్న చావు కబురు.

అన్నీ ఆలోచించి చేయిద్దామనే అనుకున్నారా? జబ్బుపడ్డాక తీసిన ఫొటో వద్దు. ఆరోగ్యంగా ఉన్నప్పటిది వెతకండి. గాజు ఫ్రేమ్ మీదుగా ఫోన్‌తో తీయకుండా, ఫొటో బయటికి తీసి స్కాన్ చేయించండి. అసలు ముఖాన్నే అతికించమని స్టూడియోలో గట్టిగా చెప్పండి. ఏఐ యాప్‌లు చాలాసార్లు ముఖాన్ని కొత్తగా గీస్తాయి. చెంప మీది పుట్టుమచ్చ పోతుంది, వంకర పన్ను తిన్ననవుతుంది. బంధువులకు తేడా తెలియదు. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఒక్క చూపులో తెలిసిపోతుంది. నాన్నలా ఉన్న వేరెవరో పక్కన నిలబడితే ఊరట ఎక్కడిది? ఎడిటింగే వద్దనుకుంటే, గ్రూప్ ఫొటో దిగేటప్పుడే ఆయన ఫొటోను చేతుల్లో పట్టుకుని నిలబడొచ్చు.

ఒక విషయం మాత్రం గమనించండి. మనిషి పోయి ఏడాది దాటినా రోజంతా అదే ధ్యాస, ఫొటోల ముందే గడపడం, తిండీ నిద్రా పనీ దెబ్బతినడం కనిపిస్తే ఫొటో మార్చినంత మాత్రాన సరిపోదు. దీర్ఘకాల దుఃఖాన్ని వైద్యులు ఇప్పుడు చికిత్స అవసరమైన సమస్యగా గుర్తిస్తున్నారు. మానసిక నిపుణులను కలవండి. టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడొచ్చు. చనిపోవాలన్న మాట నోట వస్తే ఏడాది దాకా ఆగకండి, ఆ రోజే ఫోన్ చేయండి.

ఇక అమ్మను ఎలా అడగాలంటారా? ఇంట్లో సందడి లేని పూట చూసుకుని పక్కన కూర్చోండి. 'అమ్మా, ఆల్బమ్‌లో నాన్న ఫొటో కూడా పెట్టిద్దామనుకుంటున్నాం. నీకెలా ఉంటుంది?' అనండి. వద్దంటే అక్కడితో వదిలేయండి. లేదా ఆవిడ మీరు చూపించిన ఫొటో పక్కన పెట్టేసి, బీరువా తెరిచి, చీరల మడతల కింద నుంచి మీరెప్పుడూ చూడని మరో ఫొటో తీసి 'ఇది పెట్టించండి' అనొచ్చు.