నూనె రాస్తే జుట్టు వస్తుందా?

చార్మినార్‌కు పడమర వైపు నాలుగడుగులు వేస్తే లాడ్ బజార్. రెండు పక్కలా లక్క గాజుల దుకాణాలు, మధ్యమధ్యలో అత్తరు, మెహందీ, సుర్మా, తలనూనెలు అమ్మే చిన్న షాపులు. మా చెల్లి పెళ్లి గాజుల కోసం ఈమధ్య అక్కడికి వెళ్లినప్పుడు నా కళ్లు మాత్రం ఓ అత్తరు షాపు ముందున్న కుర్రాడి మీదే ఉండిపోయాయి. భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, మెడలో కాలేజీ ఐడీ. ఫోన్‌లో ఓ రీల్ పెట్టి పెద్దాయనకు చూపిస్తున్నాడు. "చాచా, యే తేల్ హై క్యా? ఇది రాస్తే జుట్టు వస్తుందంట కదా?"

పెద్దాయన రీల్ మొత్తం ఓపిగ్గా చూశాడు. తర్వాత నవ్వి, "నూనె నేనిస్తా బేటా. జుట్టు మాత్రం పైవాడివ్వాలి" అన్నాడు. కుర్రాడు కూడా నవ్వాడు. సీసా మాత్రం కొన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఏడేళ్ల కిందట ఆ కుర్రాడి స్థానంలో నేనున్నాను.

నేను చేసిన తప్పు

బీటెక్ ఫైనలియర్ మొదట్లో నాకు టైఫాయిడ్ వచ్చింది. తగ్గిన మూడు నెలలకు, సరిగ్గా ప్లేస్‌మెంట్స్ మొదలయ్యే టైమ్‌కి, జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలడం మొదలైంది. దిండు మీద జుట్టు, ప్లేట్లో జుట్టు, హాస్టల్ బాత్రూమ్ జాలీ నిండా జుట్టు. ఆప్టిట్యూడ్ పేపర్ ముందు పెట్టుకుని కూడా ఒక చెయ్యి తల మీదే ఉండేది. భయపడి ఆన్‌లైన్‌లో ఓ మూలికల నూనె కొన్నాను. నాలుగు నెలలు వదలకుండా రాశాను. రాలడం ఆగింది. కొత్త జుట్టు వచ్చింది.

ఇంకేం, అప్పుడే మొదలుపెట్టిన నా టెక్ బ్లాగులో "నిజంగా పనిచేసిన నూనె" అని ఓ పోస్టు రాసేశాను. ఫోన్ల రివ్యూల కంటే దానికే ఎక్కువ మంది వచ్చారు. దాన్ని చదివి ఎంతమంది కొన్నారో నాకు తెలీదు. రెండేళ్ల తర్వాత నా జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. "అన్నా, నువ్వు చెప్పిన నూనె ఏడాదిన్నర రాశాను. ముందువైపు మొత్తం పోయింది. ఇప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్తే ముందే రావాల్సింది అన్నారు." వాడిది నాలాంటి సమస్య కాదు, వంశపారంపర్యంగా వచ్చే బట్టతల. వాడు పోగొట్టుకుంది నూనె డబ్బులు కాదు, ఏడాదిన్నర టైమ్. ఆ పోస్టు తీసేశాను. ఈ వ్యాసం దానికి బదులు అనుకోండి.

దుకాణం వేరు, కార్ఖానా వేరు

లాడ్ బజార్‌లో మనకు కనిపించేది అద్దాల్లో మెరిసే గాజు. 2024లో జీఐ గుర్తింపు కూడా తెచ్చుకున్న ఈ హైదరాబాద్ లక్క గాజులు అక్కడ పుట్టవు. వెనక గల్లీల్లో, ఇళ్లలో, కార్ఖానాల్లో నిప్పుల మీద లక్క కరిగించి, గుండ్రంగా తిప్పి, ఒక్కో రాయీ అద్ది చేస్తారు. దుకాణంలో గాజును ఎంత తుడిచినా మెరుపు వస్తుంది తప్ప కొత్త గాజు పుట్టదు.

జుట్టు కూడా అంతే. తల బయట కనిపించే వెంట్రుక కెరాటిన్ అనే ప్రొటీన్‌తో తయారైన నిర్జీవ పోగు. అందుకే కత్తిరిస్తే నొప్పి ఉండదు. ప్రాణమున్న కార్ఖానా చర్మం లోపల ఉండే కుదురు. తల మీద దాదాపు లక్ష కుదుళ్లు ఉంటాయి. ఒక్కో వెంట్రుక కొన్నేళ్లు పెరుగుతుంది, సుమారు నెలకో సెంటీమీటరు. తర్వాత మూడు నెలలు విశ్రాంతి తీసుకుని రాలిపోతుంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే.

కాబట్టి నూనె గురించి ఎవరేం చెప్పినా మీరు ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది పనిచేసేది బయటి వెంట్రుక మీదా, మాడు చర్మం మీదా, లోపలి కుదురు మీదా? మూడింటికీ మూడు వేర్వేరు జవాబులున్నాయి.

వెంట్రుకకు: కొబ్బరి నూనె మంచిదే

ఇక్కడ మన అమ్మమ్మలు గెలిచారు. కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చిన ఓ అధ్యయనం 2003లో వచ్చింది. తలస్నానానికి ముందైనా తర్వాతైనా రాస్తే, వెంట్రుక నుంచి ప్రొటీన్ పోవడాన్ని కొబ్బరి నూనె మాత్రమే బాగా తగ్గించింది. కారణం అందులోని లారిక్ ఆమ్లం. దాని అణువు చిన్నది, తిన్నగా ఉంటుంది కాబట్టి వెంట్రుక లోపలికి దూరుతుంది. మిగతా రెండూ పైపైనే ఉండిపోయాయి. అయితే ఒక విషయం దాచకూడదు. ఆ పరిశోధకులు కొబ్బరి నూనె అమ్మే మారికో సంస్థ ఉద్యోగులే. ఫలితం తప్పని కాదు, ఎవరు చేశారో తెలిసి చదవాలని.

అంటే కొబ్బరి నూనె రాస్తే జుట్టు తక్కువ తెగుతుంది, చిక్కు తక్కువ పడుతుంది, ఒత్తుగా కనిపిస్తుంది. కొత్తగా మొలవదు. ప్రకటనల్లో "జుట్టు రాలడం తగ్గుతుంది" అన్నచోట పక్కనే చిన్న చుక్క గుర్తు, కింద చీమ తలకాయంత అక్షరాల్లో "తెగిపోవడం వల్ల రాలే జుట్టు" అని ఉంటుంది చూడండి. అసలు నిజం ఆ చిన్న అక్షరాల్లోనే ఉంది.

మాడుకు: చుండ్రు ఉంటే జాగ్రత్త

"తల పొడిబారి చుండ్రు వస్తోంది, నూనె పెట్టు" అని ఇంట్లో అంటారు. చాలాసార్లు జరిగేది దీనికి రివర్స్. చుండ్రుకు ప్రధాన కారణాల్లో ఒకటి మలస్సీజియా అనే ఈస్ట్. అది తనకు కావాల్సిన కొవ్వును తాను తయారు చేసుకోలేదు, మన మాడు మీది జిడ్డు తిని బతుకుతుంది. నూనె పెడితే పొట్టు తడిసి రెండు రోజులు కనిపించదు. దానికి మాత్రం భోజనం దొరికినట్టే. చుండ్రుంటే రాత్రంతా నూనె నానబెట్టకండి. మెడికల్ షాపుల్లో దొరికే కీటోకొనజోల్ షాంపూ లాంటివి దీనికి సూటిగా పనిచేస్తాయి.

మొక్కల నూనెల్లో ఇక్కడ ఆధారమున్నది టీట్రీ ఆయిల్‌కు. ఆస్ట్రేలియాలో 126 మందిపై చేసి 2002లో ప్రచురించిన పరీక్షలో, 5 శాతం టీట్రీ ఆయిల్ కలిపిన షాంపూ నాలుగు వారాలు వాడినవాళ్లలో చుండ్రు తీవ్రత 41 శాతం తగ్గింది. అది లేని షాంపూ వాడినవాళ్లలో 11 శాతం. గమనించండి, అది తలకు పట్టించి వదిలేసిన నూనె కాదు, కడిగేసుకునే షాంపూ.

కుదురుకు: ఇక్కడే అసలు గొడవ

రోజ్‌మేరీ నూనె రీల్స్ అన్నింటి వెనకా ఉన్నది 2015లో వచ్చిన ఓ ఇరానీ అధ్యయనం. బట్టతల మొదలైన 100 మంది మగవాళ్లను సగం సగం చేసి, ఒక గుంపుకు రోజ్‌మేరీ నూనె, ఇంకో గుంపుకు 2 శాతం మినాక్సిడిల్ ఇచ్చారు. మూడు నెలలకు రెండు గుంపుల్లోనూ చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆరు నెలలకు రెండింటిలోనూ వెంట్రుకల సంఖ్య పెరిగింది. రెండింటి మధ్య తేడా పెద్దగా లేదు. "రోజ్‌మేరీ మినాక్సిడిల్‌తో సమానం" అని రీల్స్ చెప్పేది దీని గురించే.

టెస్టింగ్ చదివిన మీకు ఇందులో లోపం వెంటనే దొరకాలి. ఏ మందూ లేని నూనె ఇచ్చిన మూడో గుంపు ఏది? కంట్రోల్ లేకుండా తేడా దేనివల్లో ఎలా చెప్తాం? పైగా మగవాళ్లకు ఎక్కువగా వాడే మినాక్సిడిల్ 5 శాతం, 2 కాదు. కాబట్టి "కొంత ఆశ ఉంది, రుజువు కాలేదు" అనుకోవాలి.

కంట్రోల్ ఎందుకంత ముఖ్యమో చెప్పే ఉదాహరణ స్కాట్లాండ్‌లోని అబెర్డీన్‌లో చేసి 1998లో ప్రచురించిన ఓ పరీక్ష. పేనుకొరుకుడు ఉన్నవాళ్లలో కొందరికి థైమ్, రోజ్‌మేరీ, లావెండర్, సెడార్‌వుడ్ సుగంధ తైలాలు కలిపిన నూనె, మిగతావాళ్లకు అవేమీ లేని మామూలు నూనె ఇచ్చారు. తైలాల గుంపులో 43 మందిలో 19 మందికి మెరుగైంది. మామూలు నూనె గుంపులో కూడా 41 మందిలో ఆరుగురికి మెరుగైంది! ఆ ఆరుగురిలో ఒకరికి యూట్యూబ్ ఛానెల్ ఉండుంటే? ఆ మామూలు నూనే "అద్భుత నూనె" అయిపోయేది. నేను చేసింది అచ్చంగా అదే. టైఫాయిడ్, డెంగీ లాంటి పెద్ద జ్వరం, కడుపు మాడ్చుకునే డైటింగ్, తీవ్రమైన ఒత్తిడి తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు ఒక్కసారిగా రాలుతుంది. దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. కారణం పోతే చాలామందిలో కొన్ని నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. నా జుట్టు ఎలాగూ వచ్చేది. క్రెడిట్ సీసా కొట్టేసింది.

ఉసిరి, గుంటగలగరాకు, మందార, మెంతుల సంగతేంటి అంటారా? గుంటగలగరాకు మీద ఎలుకల్లో చేసిన ప్రయోగాలున్నాయి. ఎలుకకూ మనిషికీ మధ్య చాలా దూరముంది. రాసుకుంటే తప్పు లేదు, దాన్నే చికిత్స అనుకుంటే తప్పు.

సీసా వెనక్కి తిప్పండి

ముందు వైపు బాదం బొమ్మ, ఉసిరి బొమ్మ ఉంటుంది. వెనక పదార్థాల జాబితాలో మొదట "లైట్ లిక్విడ్ పారాఫిన్" లేదా "మినరల్ ఆయిల్" అని కనిపిస్తే, అందులో ఎక్కువ భాగం పెట్రోలియం నుంచి వచ్చిన నూనె అని అర్థం. హాని చేస్తుందని కాదు. మీరు బాదం డబ్బులిచ్చి కొంటున్నది బాదం కాదని.

పోటీ పరీక్షలు రాసేవాళ్లకు ఒక బోనస్: చిన్న ప్యాకింగ్‌లో అమ్మే స్వచ్ఛమైన కొబ్బరి నూనె వంటనూనా, తలనూనా అన్న పన్ను వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తలనూనె అని ముద్రించి అమ్మనంత వరకు దాన్ని వంటనూనెగా పరిగణించవచ్చని 2024 డిసెంబర్‌లో తీర్పు వచ్చింది. అంటే కిరాణా షాపులోని కొబ్బరి నూనె తలకు సరిపోతుంది. దానికో స్పెషల్ సీసా అక్కర్లేదు.

మరి ఏం చేయాలి?

ముందు మీది ఏ రకమో చూసుకోండి. జ్వరమో ఒత్తిడో వచ్చిన రెండు మూడు నెలలకు తలంతా సమానంగా పలచబడుతుంటే కంగారుపడకండి. తిండి, నిద్ర సరిచేసుకోండి. తగ్గకపోతే రక్తంలో హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. ముఖ్యంగా అమ్మాయిల్లో ఐరన్ లోపం ఎక్కువ. దాన్ని ఏ నూనే భర్తీ చేయలేదు. పీరియడ్స్ క్రమం తప్పుతుంటే అదీ డాక్టర్‌కు చెప్పండి.

నుదురు రెండు పక్కలా వెనక్కి పోతుంటే, పాపిట వెడల్పవుతుంటే, నాణెం సైజులో గుండ్రంగా ఊడితే ఆలస్యం చేయొద్దు. చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బట్టతలకు మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ లాంటి మందులున్నాయి. మొదట బీపీ మందుగా పుట్టిన మినాక్సిడిల్‌ను జుట్టు కోసం అమెరికా 1988లోనే అనుమతించింది. ఇవి ఉన్న జుట్టును నిలబెట్టడంలో బాగా పనిచేస్తాయి కాబట్టే తొందరగా మొదలుపెట్టాలి. మానేస్తే ఫలితమూ పోతుంది. దుష్ప్రభావాలూ ఉన్నాయి కాబట్టి ఫ్రెండ్ చెప్పాడని వాడొద్దు. కార్పొరేట్ క్లినిక్ ఫీజు చూసి వెనక్కి తగ్గక్కర్లేదు. లాడ్ బజార్‌కు దగ్గర్లోనే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఉంది. మూలికల వైద్యమే కావాలనుకుంటే చార్మినార్ పక్కనే ప్రభుత్వ నిజామియా యునాని ఆసుపత్రి ఉంది. అక్కడ చదువుకున్న హకీమ్ మిమ్మల్ని చూసి మందిస్తారు. రీల్ మిమ్మల్ని చూడదు.

నూనె రాయాలనిపిస్తే హాయిగా రాయండి. తలస్నానానికి గంట ముందు, కొనల వరకు, మెల్లగా. నూనె నుదుటికి కారితే మొటిమలు వస్తాయి. రోజ్‌మేరీ, టీట్రీ లాంటి సుగంధ తైలాలను నేరుగా రాస్తే చర్మం మండుతుంది. వేరే నూనెలో కొన్ని చుక్కలే కలిపి, ముందు మోచేతి లోపలి వైపు రాసి ఒకటి రెండు రోజులు చూడండి.

చివరిగా, ప్లేస్‌మెంట్స్ కోసం ఎదురుచూస్తున్న మీకు ఒక మాట. పలచబడ్డ తలతోనే నేను మూడు ఇంటర్వ్యూలకు వెళ్లాను. రెండింట్లో ఫెయిలయ్యాను, ఒకదాంట్లో సెలెక్టయ్యాను. ఫెయిలైనవాటిలో అడిగింది లింక్డ్ లిస్టులు, సెలెక్టైనదాంట్లో అడిగింది నా ప్రాజెక్టు. జుట్టు గురించి ఎవరూ అడగలేదు. అద్దం ముందు లెక్కపెట్టింది నేనొక్కడినే.

ఆ పెద్దాయన కుర్రాడికి నిజమే చెప్పాడు. వినిపించుకోవాల్సింది మనం.