ముందు పన్ను - దవడ యెముక

ఆటస్థలమున పడి పైవరుస ముందు పన్ను పోగొట్టుకొను పిల్లలు ప్రతి పాఠశాలలోను ఉందురు. మన గాంధీపురమును అందుకు వేరు కాదు. "ఇంప్లాంటు పెట్టించిన సరి" యని కొందరు తలిదండ్రులు తలంతురు. అది దేనిని పట్టుకొని నిలుచునో ముందుగా తెలిసికొందము.

ఇంప్లాంటనగా దవడ యెముకలో నాటెడు టైటానియపు మర. దానిపై కృత్రిమ దంతము నమర్తురు. 1952లో స్వీడను శాస్త్రజ్ఞుడు బ్రోనెమార్కు, కుందేటి యెముకలో పెట్టిన టైటానియము ఎముకతో నేకమై ఊడి రాకుండుట గమనించెను. 1965లో ఆయన ఒక రోగి దవడలో నట్టి మరలను నాటెను. సహజమైన పంటికిని ఎముకకును నడుమ సన్నని నారల పొర కలదు. ఇంప్లాంటునకు అది లేదు. ఎముకయే దాని ఆధారము.

పైదవడ ముందుభాగమున చిక్కు ఇక్కడనే కలదు. పెదవివైపున నుండు ఎముక గోడ పెక్కుమందికి 1 మిల్లీమీటరు కన్న పలుచన. పన్ను పోయిన కొలది నెలలలోనే అది కరగిపోవును. అట్టిచోట మరను పెదవివైపునకు వాల్చి నాటినచో, మిగిలిన గోడయు నశించి, చిగురు పైకి జరిగి, లోహము కనబడవచ్చును. గట్టు అంచున వాల్చి పాతిన గుంజకు మట్టి నిలువదు గదా! కావున మరను కొంచెము అంగిలివైపున నిలిపి, పెదవివైపు సుమారు 2 మిల్లీమీటర్ల ఎముక నుంచుట మేలని దంతవైద్యులు చెప్పుదురు. ఎముక చాలనిచో దానిని చేర్చి పెంచుటయు కలదు. వాలు సరియైనను పంటిపాచి, పొగత్రాగుట, అదుపులేని మధుమేహము ఎముకను హరింపగలవు.

ఆసుపత్రిలో తమిళమున "ఎలుంబు" అని వినబడునది మన యెముకయే. "ఈఱు" అనునది చిగురు. "ముందువైపు ఎముక ఎంత మిగిలినది? స్కాను తీసి చూచితిరా?" యని తలిదండ్రులు సంకోచింపక అడుగవలెను.

పెరుగుచున్న పిల్లలకు ఇంప్లాంటు తగదు. ప్రక్క పళ్ళు దవడతోపాటు క్రిందికి దిగుచుండగా, ఎముకలో బిగిసిన మర కదలక పైననే నిలిచిపోవును. పెరుగుదల ముగియువరకు వేచియుండవలెను. అందుచేత ఉన్న పంటిని కాపాడుకొనుటయే ఉత్తమము.

కనుక మా విద్యార్థులకు మేము చెప్పున దిది. శాశ్వత దంతము ఊడి పడినచో వేరును ముట్టక, పైభాగమున పట్టుకొనుడు. మురికియైనచో నీటితో క్షణకాలము మాత్రమే కడుగుడు, రుద్దకుడు. వీలైనచో దానిని గూటిలోనే తిరిగి నిలుపుడు. కానిచో పాలలో వేయుడు. వెంటనే, సాధ్యమైనచో అరగంటలోనే, దంతవైద్యుని చేరుడు. పాలపంటిని మాత్రము తిరిగి పెట్టరాదు. బడిలోని ప్రతి పిల్లవానికిని ఇంటిలోని ప్రతి పెద్దకును ఈ మాట తెలిసియుండవలెను. పన్ను నిలిచిన ఎముక నిలుచును.