విస్తరిలోని వరుస

పెండ్లిపందిరిలో విస్తరి వేయగానే మన ప్రాంతపు పెద్దలు మొదట చూచునది పప్పును, దానిపై పడు నేతిని. పిండివంటలెన్ని యున్నను పప్పు కుదరనిచో ఆ వంటవానికి పేరు రాదు. గుంటూరునకు ప్రక్కనే రైలుమార్గములు కలియు నల్లపాడు 2012లో నగరపాలక సంస్థలో చేరినది. అయినను అచ్చటి భోజనపు తీరు నేటికిని చుట్టుప్రక్కల పత్తి, మిరప పల్లెల తీరే.

ఉత్తరాది థాలీలో చిన్న చిన్న గిన్నెలన్నియు ఒక్కసారిగా ముందు పెట్టుదురు. ఎవరికి నచ్చినది వారు ముందుగా తినవచ్చును. మన విస్తరిలో పదార్థములన్నియు వడ్డించినను తినుటకొక వరుస కలదు. మొదట పప్పు, నేయి, పిదప గోంగూరయో, దోసావకాయయో, ఆ తరువాత కూర, పులుసు, చారు, తుదకు మజ్జిగ. ఈ వరుసలో ఆచారమే కాక ప్రయోజనమును కలదు. బియ్యమునందు కొరవడిన మాంసకృత్తుల అంశము పప్పునందు కలదు. పప్పునందు కొరవడినది ధాన్యమునందు కలదు. రెండును కలిసిననే దేహపుష్టి. మంచి ఆకలి మీద నున్నప్పుడు మొదటి ముద్దలు పప్పుతో పడుటచే అది తప్పక లోనికి పోవును. తరువాత వచ్చు పులుపు ఆకుకూరలలోని, పప్పులలోని ఇనుము ఒంటబట్టుటకు తోడ్పడును.

ఈ విస్తరిలో వరి అన్నము అనాదిగా నున్నదని తలపరాదు. ఈ మెట్టభూములకు జొన్నయే ఆధారముగా నుండెను. పలనాటి జొన్నకూటిని ఎగతాళి చేసిన చాటువులు పదునైదవ శతాబ్దపు శ్రీనాథుని పేర వాడుకలో నున్నవి. ఆ మహాకవి జొన్నకూటిని ఎరుగును గాని మిరపకారమును ఎరుగడు! మిరప అమెరికా ఖండమునుండి పోర్చుగీసు వారి ఓడలపై పదునారవ శతాబ్దమున మన దేశమునకు వచ్చినది. అంతకు పూర్వము కారమనిన మిరియమే. నేడు గుంటూరు పేరు చెప్పగానే లోకమునకు స్ఫురించు మిరప మన వంటయింటికి కొత్త చుట్టమే.

1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చినది. పేదయింట అన్నము ఉడికినది, ఆకలిబాధ తగ్గినది. ఈ మేలును మేము చిన్నచేయుట లేదు. కాని జొన్న వెనుకకు పోయినది. ఒక్క అన్నపు రాశి పెరిగి, దాని చుట్టునున్నవి తరిగిపోయినవి. పెండ్లిలో నిలిచిన వరుస దినదిన భోజనమున చెదరినది.

ఈ నష్టము అందరిపై సమముగా పడలేదు. మిరపకోతల దినములలో తెల్లవారకముందే వంటచేసి, ఇంటివారందరికి వడ్డించి, మిగిలినది క్యారియరులో పెట్టుకొని చేనికి పోవు స్త్రీని చూడుడు. ఆ క్యారియరులో తరచుగా నుండునది అన్నము, ఇంత పచ్చిమిరపకాయ పచ్చడి, నీళ్లమజ్జిగ. పప్పు పిల్లలకు, ఇంటి యజమానికి సరిపోయినది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనతతో నున్నారు. దీనికి కారణములు పెక్కు గలవు. విస్తరిలో కడపటి పాలు స్త్రీకి మిగులుట వానిలో నొకటి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో, దినమునకు 2000 కేలరీల ఆహారమున ధాన్యములు 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పప్పులు గాని వానికి తోడుగా గ్రుడ్డు, మాంసములు గాని 85 గ్రాములు ఉండవలెనని చెప్పబడినది. కాయకష్టము చేయువారికి ఇంకను ఎక్కువ కావలసియుండును. పిండివంటలను తీసివేసి చూచినచో ఈ లెక్క మన పెండ్లి విస్తరికి దగ్గరగను, నిత్యభోజనమునకు దూరముగను ఉన్నది.

సరిచేసికొనుట కష్టము కాదు. పత్తిలో అంతరపంటగా కంది వేయు రైతునకు పప్పు బజారున కొనవలసిన పని తగ్గును. ఆకుకూరను పప్పులోనే వేసి పప్పుకూర చేసినచో ఒక్క కుండతో రెండును సమకూరును. అయితే పురుగుమందు కొట్టిన మిరపచేని గట్టుమీది గోంగూరను కోయరాదు. పెరటిలో రెండు మళ్లు తోటకూర, గోంగూర వేసికొనుట క్షేమము. చేనికి పోవువారికి పప్పు పులిసిపోవునను భయము కలదు గనుక కందిపొడి మేలు. అది చెడదు, అన్నములో కలిసిపోవును. వారమునకు రెండు మూడు పూటలు జొన్నరొట్టె చేసికొనినను చాలును. భోజనము కాగానే తేనీరు త్రాగు అలవాటు నేడు పల్లెలలో ప్రబలినది. అది తిన్న ఇనుమును ఒంటబట్టనీయదు. గంటసేపైనను ఆగవలెను. పచ్చళ్లను మానుమని మేము చెప్పము, చెప్పినను గుంటూరు వారు వినరు. కాని వానిలోని ఉప్పు రక్తపోటు గలవారికి కీడు చేయును.

ఇక ఇంటి ఇల్లాలి సంగతి. అందరును తిన్న పిమ్మట మిగిలినచో తిందునని ఆమె అనును, పప్పు మిగులదు. కావున పొయ్యిమీదినుండి దింపిన వెంటనే, వడ్డన మొదలుపెట్టకముందే, ఆమె పాలు పప్పును, కూరను వేరొక గిన్నెలోనికి తీసి మూత పెట్టవలెను. ఈ పని అత్తగారు చేసినచో మరియు మంచిది.