పార్కిన్‌సన్స్: డోపమైన్ పక్కన ఇంకెవరున్నారు?

అపోహ: ఈ జబ్బులో తగ్గేది డోపమైన్ అనే మెదడు రసాయనం ఒక్కటే.
1960లో వియన్నాలో ఎహ్రింగర్, హోర్నికీవిచ్ అనే శాస్త్రవేత్తలు చనిపోయిన రోగుల మెదళ్లను పరీక్షించి డోపమైన్ దారుణంగా పడిపోయిందని తేల్చారు. మందులు చాలావరకు దాని చుట్టూనే అల్లుకున్నాయి కాబట్టి మిగతావి జనం నోట పడలేదు. ఆ మిగతావాటిలో న్యూరోపెప్టైడ్లు ఉన్నాయి; నాడీకణాలు సందేశాలకు వాడే చిన్న ప్రోటీన్ ముక్కలివి. అవీ మారతాయి. రోగుల మెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే భాగంలో సబ్‌స్టాన్స్ పి, మతిమరుపు తోడైనవాళ్ల మెదడు పైపొరలో సొమాటోస్టాటిన్ తగ్గినట్టు మరణానంతర పరీక్షల్లో కనబడింది.

అపోహ: అయితే అన్నీ తగ్గుతాయన్నమాట.
అసలు తమాషా ఇక్కడే ఉంది. మెదడులోని స్ట్రియేటమ్ అనే భాగంలో రెండు రకాల కణాలు పక్కపక్కనే కాపురం ఉంటాయి. మొదటివి కదలికకు ఊతమిస్తాయి; వాటిలో సబ్‌స్టాన్స్ పి, డైనార్ఫిన్ అనే పెప్టైడ్లు ఉంటాయి. రెండోవి కదలికకు కళ్లెం వేస్తాయి, వాటి పెప్టైడ్ ఎన్‌కెఫాలిన్. డోపమైన్ మొదటివాటిని ఉసిగొల్పుతుంది, రెండోవాటిని అదుపులో పెడుతుంది. ఎలుకల్లో డోపమైన్ కణాలను నాశనం చేసి చూస్తే సబ్‌స్టాన్స్ పి తయారీ మందగించింది, ఎన్‌కెఫాలిన్ జన్యువు మాత్రం జోరందుకుంది. డోపమైన్ లోటు తీర్చడానికిచ్చే లెవోడోపా మందును ఏళ్ల తరబడి వాడిన కొందరికి ఒళ్లు దానంతటదే మెలికలు తిరుగుతుంది కదా, ఎలుకల్లో అలాంటి స్థితి తెచ్చినప్పుడు డైనార్ఫిన్ జన్యువు చురుకు పెరిగింది. ఏది పెరిగింది, ఏది తగ్గింది అన్నది ఏ కణంలో, ఏ దశలో చూశామన్నదాన్ని బట్టి ఉంటుంది.

అపోహ: పార్కిన్‌సన్స్ రోగి పగటి కునుకు ముసలితనం వల్లే.
వయసు, మందులు కొంత కారణమే. కానీ హైపోథాలమస్‌లో మనల్ని మెలకువగా ఉంచే ఒరెక్సిన్ అనే న్యూరోపెప్టైడ్ కణాలూ ఈ జబ్బులో తగ్గుతాయని 2007లో రెండు పరిశోధనలు చూపాయి. పేపరు చేతిలో ఉండగానే తల వాల్చేసే పెద్దాయన్ని బద్ధకస్తుడని విసుక్కోవడం అన్యాయం.

అపోహ: పెప్టైడ్ బిళ్లలు మింగితే లోటు తీరుతుంది.
తీరదు. నోటితో తీసుకున్న పెప్టైడ్లు చాలావరకు పేగుల్లోనే అరిగిపోతాయి. మిగిలినవాటికి రక్తానికీ మెదడుకూ మధ్య గోడ అడ్డు. డోపమైన్ కూడా ఆ గోడ దాటలేదు, అందుకే దాటగలిగే లెవోడోపా ఇస్తారు. మన దూలగొండి గింజల్లో లెవోడోపా నిజంగానే ఉంది. చిక్కంతా కూడా అందులోనే. ఇంట్లో కొట్టిన పొడిలో చెంచాకి ఎంత వెళ్తోందో లెక్క తెలియదు, లెవోడోపా మాత్రలతో కలిస్తే మోతాదు మించిపోవచ్చు. వాడుతుంటే ఆ సంగతి న్యూరాలజిస్టు దగ్గర దాచకండి. పొడి ఉంది కదా అని మాత్రలు ఒక్కసారిగా ఆపడం ఇంకా ప్రమాదం.